భారలోహములు - ఆల్చిప్పల సంతానము

జంతుశాస్త్ర విద్యార్థులకు ఆల్చిప్ప పాత పరిచయము. డిగ్రీ తరగతులలో జంతువుల కోతలు మానుకొనక పూర్వము, మైనపు పళ్ళెములో ఆల్చిప్పను పరచి, మొప్పలను, గొడ్డలి ఆకారపు పాదమును గుర్తించి బొమ్మ గీయనివారు అరుదు. ఇప్పుడు అది గాజు సీసాలోనే కనిపిస్తుంది. మన చెరువులలోను కాలువలలోను ఉండే ఈ మంచినీటి ఆల్చిప్పను శాస్త్రజ్ఞులు లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అంటారు. పాఠ్యపుస్తకములలో దీనితోపాటు చోటు చేసుకొన్న మరియొక మృద్వంగి పైలా గ్లోబోసా, అనగా చెరువు నత్త. రెండును నిదానపు ప్రాణులు. నీరు చెడిన చోటునుంచి చేపవలె ఈదుకొని పోలేవు. నీటిలో ఏది వచ్చి కలిసినా భరించుటయో, చచ్చుటయో తప్ప వాటికి వేరు దారి లేదు. అయితే ఈ రెంటికి నడుమ మూడవ స్థితి ఒకటి ఉన్నది. ప్రాణి చావదు. తిండి తింటుంది, చిప్ప తెరుస్తుంది, మూస్తుంది. కాని దానికి సంతానము కలుగదు. నీటిలో చేరిన లోహములు తెచ్చిపెట్టే ఈ మూడవ స్థితి పైకి కనిపించదు కనుక, దానిని పోల్చుకొనుట ఎట్లాగో తెలిసి ఉండటము అవసరము.

హైదరాబాదు తూర్పు భాగమున నాచారము, మల్లాపూరు, ఉప్పల్ ఒకదానినొకటి ఆనుకొని ఉన్నవి. ఒకప్పుడు ఇవి చెరువుల క్రింద సేద్యము చేసుకొనే గ్రామములు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధములో ఇక్కడ పారిశ్రామిక వాడలు వెలిసినవి. మందులు, రసాయనములు, యంత్రభాగములు తయారుచేసే చిన్నవి పెద్దవి అనేక కార్ఖానాలు, వాటి నడుమనే ఇండ్లు, బడులు లేచినవి. నాచారము పెద్ద చెరువు, ఉప్పల్ నల్ల చెరువు వంటివి మాత్రము మిగిలినవి. ఈ ప్రాంతపు నేల వాలు మూసీ వైపునకు. వాననీరయినా, మురుగునీరయినా, కార్ఖానా కడిగిన నీరయినా నాలాల వెంట, చెరువుల గుండా జారి చివరకు మూసీనే చేరవలె. 2020 అక్టోబరు వరదలలో హబ్సిగూడ, రామంతపూర్ వీధులు మునిగినపుడు ఈ నీటి దారులు ఎక్కడెక్కడ ఉన్నవో మరచిపోయినవారికి కూడ తెలిసివచ్చింది.

ఈ ప్రాంతమే పరిశోధనాలయములకు కూడ నెలవు. 1961లో స్థాపితమయిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉప్పల్ రోడ్డులో ఉన్నది. దాని శాస్త్రజ్ఞులు ఇతర సంస్థల వారితో కలిసి, నగరానికి దక్షిణమున ఉన్న కాటేదాన్ పారిశ్రామిక వాడ మట్టిని పరీక్షించి, సీసము, క్రోమియము, నికెలు, జింకు, ఆర్సెనికు, కాడ్మియము అక్కడ ఉండదగిన దానికంటె చాల హెచ్చుగా చేరినవని 2008లో ప్రకటించిరి. అదే సంవత్సరము ప్రచురితమయిన మరియొక పరిశీలనలో, మురుగునీటితో పండించిన ఆకుకూరలలోనికి, పశువుల మేతలోనికి లోహములు ఎట్లు ప్రాకుతున్నవో హైదరాబాదు శాస్త్రజ్ఞులు చూపిరి. ఒక వాడ మట్టికి తేలిన లెక్కను మరియొక వాడకు అంటగట్టరాదు. కాని లోహము కార్ఖానా గోడ దాటి వచ్చే మార్గములు అన్ని చోట్ల ఒకటే: కడుగునీరు, బూడిద, ఆరుబయట కుప్పపోసిన వ్యర్థము మీద పడిన వాన.

భారలోహములు అనే మాట అంత కచ్చితమైనది కాదు. సాంద్రత ఎక్కువగా ఉండి, కొద్ది మోతాదులోనే జీవులకు కీడుచేసే లోహములను ఈ పేరుతో వ్యవహరిస్తున్నారు. ఆర్సెనికు నిజానికి లోహము కాకపోయినా జాబితాలో చేరిపోయింది. వీటిలో అన్నియు పుట్టుకతోనే విషములు కావు. మన రక్తములో ప్రాణవాయువును మోయుటకు ఇనుము ఉన్నట్లు, చెరువు నత్త రక్తములో రాగి ఉన్నది. అందువలననే దాని రక్తము నీలి చాయగా ఉంటుంది. జింకు లేనిదే అనేక ఎంజైములు పనిచేయవు. కాడ్మియము, సీసము, పాదరసములతో మాత్రము ఈ మృద్వంగులకు అవసరమేదియు లేదు. అవసరమయిన లోహము హెచ్చయినా హాని, అవసరము లేనిది కొంచెమయినా హాని.

భారలోహములకు, తక్కిన మాలిన్యములకు ఒక ముఖ్యమైన భేదమున్నది. మురుగులోని సేంద్రియ పదార్థమును సూక్ష్మజీవులు తిని, విడగొట్టి, కర్బన ద్విఆమ్లజనిగా, నీరుగా మార్చగలవు. మూలకమును ఏ సూక్ష్మజీవియు విడగొట్టలేదు. మూసీ శుద్ధి పథకము క్రింద ఉప్పల్ నల్ల చెరువు వద్ద దినమునకు 3 కోట్ల లీటర్లు, నాగోలు వద్ద 17 కోట్ల 20 లక్షల లీటర్లు, అంబర్‌పేట వద్ద 33 కోట్ల 90 లక్షల లీటర్లు శుద్ధిచేయగల కేంద్రములు కట్టబడినవి. ఇవి ఇంటి మురుగు కొరకు ఉద్దేశించినవి. లోహము వీటిలో ప్రవేశిస్తే కొంత అడుగు బురదలోనికి దిగుతుంది, కొంత నీటితో సాగిపోతుంది. చోటు మారుతుందే గాని నశించదు.

ఇక ఆల్చిప్ప సంగతి. అది బురదలో సగము దిగబడి, వెనుక కొన వద్ద రెండు రంధ్రములను తెరచుకొని ఉంటుంది. ఒక రంధ్రము గుండా నీరు లోనికి వచ్చి, మొప్పల మీదుగా పారి, రెండవ రంధ్రము గుండా వెలుపలికి పోతుంది. నీటిలోని సన్నని నాచు, సూక్ష్మజీవులు మొప్పలకు చిక్కి ఆహారమవుతవి. ఊపిరి, తిండి రెండును ఒకే పనిలో జరిగిపోవటము చక్కని ఏర్పాటే. కాని నీటితోపాటు అందులో కరిగిన లోహము, బురద రేణువులకు అంటుకొన్న లోహము కూడ దేహములోనికి వస్తవి. చుట్టూ ఉన్న నీటిలోకంటె దాని మాంసములో లోహము వందల వేల రెట్లు చిక్కబడగలదు. ఈ గుణమును ఆధారము చేసుకొనియే ఎడ్వర్డ్ గోల్డ్‌బెర్గ్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు 1975లో, సముద్రతీరపు మాలిన్యమును ఆల్చిప్పల ద్వారా కనిపెట్టవచ్చునని ప్రతిపాదించెను.

ఇంత లోహమును మోస్తూ అది బ్రతుకుట ఎట్లు? దీనికి సమాధానము 1957లో గుఱ్ఱము మూత్రపిండములో దొరికింది. మార్గోషెస్, వాలీ అనేవారు అందులో కాడ్మియమును పట్టి ఉంచే ఒక చిన్న మాంసకృత్తును కనుగొనిరి. దానికి మెటలోథయోనీను అని పేరు. గంధకము గల అణుభాగములతో అది లోహమును బంధించి, మిగిలిన కణమునకు తగులకుండ చేస్తుంది. మృద్వంగులు కూడ ఇటువంటి మాంసకృత్తులను తయారుచేసుకొంటవి. అయితే వీటిని నిర్మించుటకు ఆహారము ఖర్చు కావలె. ఆల్చిప్పకు వచ్చే రాబడి పరిమితము. ప్రాణము నిలుపుకొనుట మొదటి ఖర్చు. పెరుగుదల, సంతానము మిగిలిన దానిలోనుంచి. లోహముతో పెనుగులాడే ప్రాణి కోత పెట్టేది ఈ రెండవ పద్దులోనే. కనుక అది బ్రతికి ఉన్నది అనుట, అది క్షేమముగా ఉన్నది అనుటకు సమానము కాదు.

కోత ఎక్కడెక్కడ పడుతుందో తెలియవలెనంటే దాని సంతానోత్పత్తి క్రమము తెలియవలె. ఇది జంతులోకములోని వింతలలో ఒకటి. ఆల్చిప్పలలో ఆడ మగ వేరు. మగది శుక్రకణములను నీటిలోనికి వదలుతుంది. ఆడది పీల్చుకొనే నీటితోపాటు అవి లోనికి ప్రవేశించి అండములను ఫలదీకరిస్తవి. పిండములు బయటకు రావు. తల్లి మొప్పల పొరల నడుమనే, సంచిలో ఉన్నట్లు పెరుగుతవి. ఊపిరి తీసే అవయవమే పురిటిగది. అక్కడ అవి గ్లోకిడియములు అనే డింభకములుగా మారుతవి. గ్లోకిడియము అర మిల్లీమీటరు కూడ ఉండదు. దానికి రెండు చిన్న చిప్పలు, వాటిని మూయుటకు ఒక కండరము ఉంటవి. తల్లి వాటిని నీటిలోనికి వదలిన తరువాత ఒక చేప మొప్పనో రెక్కనో కరచుకొంటేనే వాటికి బ్రతుకు. చేప చర్మము వాటి చుట్టూ పెరిగి కప్పివేస్తుంది. కొన్ని దినములో వారములో అక్కడ పరాన్నజీవిగా గడిపి, రూపు మార్చుకొని, చిన్న ఆల్చిప్పగా బురదలోనికి రాలుతుంది. చేప దొరకనిది చస్తుంది. దొరికినా అది తగిన జాతి కాకపోతే, చేప దేహమే దానిని త్రోసిపుచ్చుతుంది.

ఈ క్రమములో ప్రతి మెట్టు వద్దను లోహము అడ్డుపడగలదు. మొదటిది బీజకోశము. అండములో నిలువ ఉంచవలసిన సొన తగ్గుతుంది. పక్వము కాని అండములు కొన్ని విచ్ఛిన్నమై తిరిగి దేహములో కలిసిపోతవి. రెండవది శుక్రకణము. దాని తోక ఆడుటకు కావలసిన శక్తిని అందించే ఎంజైములలో గంధకపు భాగములున్నవి. పాదరసము, రాగి వాటికి అంటుకొంటే చలనము మందగిస్తుంది. మగవాటి సంఖ్య పలుచబడిన చెరువులో ఇది మరీ నష్టము, ఎందుకనగా నీటిలో చెదిరిన కణములు ఆడదానిని చేరే అవకాశము ముందే తక్కువ. మూడవది, మొప్పలలోని పిండములు. లోహము మొదట తగిలేదియు, అధికముగా చేరేదియు ఆ మొప్పలలోనే. నాల్గవది చిప్ప కట్టుకొనుట. కాల్షియము అయాను వ్యాసార్ధము సుమారు 100 పికోమీటర్లు, కాడ్మియము అయానుది సుమారు 95. విద్యుదావేశము కూడ రెంటికీ ఒకటే. కాల్షియము కొరకు తెరచిన ద్వారములో కాడ్మియము చొరబడుటకు ఇది చాలును.

డింభక దశ ఎంత సున్నితమో కొన్ని అంకెలు చెబుతవి. 1973లో అమెరికాలో కలాబ్రీజ్, ఆయన సహచరులు సముద్రపు ఆయిస్టరు పిండములను వివిధ లోహములు కలిపిన నీటిలో 48 గంటలు ఉంచి, సగము పిండములు ఏ మోతాదులో చనిపోతవో కొలిచిరి. లీటరుకు పాదరసము 5.6 మైక్రోగ్రాములు, రాగి 103, జింకు 310, సీసము 2,450 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షవ వంతు. సీసము పేరు వింటే భయపడే మనము రాగిని పూజాపాత్రగా చూస్తాము. ఆయిస్టరు పిండమునకు మాత్రము రాగి సీసముకంటె ఇరువది రెట్లకు మించిన విషము. మనిషికి తగిన కొలబద్దతో నీటి ప్రాణుల క్షేమమును కొలువరాదని దీనివలన తెలుస్తుంది.

మంచినీటి గ్లోకిడియముల పరీక్ష మరింత సులభమైనది. పరీక్షించవలసిన నీటిలో వాటిని 24 గంటలు ఉంచి, పిమ్మట ఒక చుక్క ఉప్పునీరు కలిపి సూక్ష్మదర్శిని క్రింద చూస్తారు. జీవశక్తి ఉన్నది ఉప్పు తగలగానే టక్కున చిప్పలు మూస్తుంది. మూయనిది చేపను కరువలేదు కనుక చచ్చినదానితో సమానము. ఇట్టి పరీక్షలలో చాల జాతుల గ్లోకిడియములకు లీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాముల రాగియే ముప్పు తెస్తున్నది. నీటి కాఠిన్యము పెరిగితే ఈ ముప్పు తగ్గుతుంది. కరిగి ఉన్న కాల్షియము రాగికి పోటీగా నిలుస్తుంది. సబ్బు నురుగు రానీయని కఠినజలము ఆల్చిప్పకు కొంతవరకు కవచము.

ఇప్పుడు చట్టపు అంకెను దీని ప్రక్కన ఉంచి చూడవలె. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమముల సాధారణ ప్రమాణముల ప్రకారము, కార్ఖానా నుంచి నదులు చెరువుల వంటి నీటిలోనికి వదలే వ్యర్థజలములో రాగి లీటరుకు 3 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చును. అనగా 3,000 మైక్రోగ్రాములు. గ్లోకిడియము ఓర్చుకొనలేని మోతాదుకు ఇది సుమారు నూరు రెట్లు. వదలిన నీరు నదిలోని శుద్ధజలముతో కలిసి పలుచబడుతుందనే ఊహ ఇటువంటి ప్రమాణముల వెనుక ఉన్నది. గోదావరి వంటి నదికి ఆ ఊహ సరిపోవచ్చు. ఏప్రిలు, మే నెలలలో నగరపు నాలాలో పలుచబరచుటకు మంచినీరు ఎక్కడ ఉన్నది? నియమమును అక్షరాలా పాటించిన కార్ఖానా నీరు కూడ అట్టి నాలాలో ఆల్చిప్ప సంతానమును తుడిచివేయగలదు. తప్పు చేసినవారిని పట్టుకొన్నంత మాత్రాన తీరే చిక్కు కాదిది.

సంతానము ఆగిన తరువాత గాని జనము మేలుకొనని ఉదాహరణ ఫ్రాన్సులో జరిగింది. అట్లాంటికు తీరమున అర్కాషోను అఖాతము ఆయిస్టరుల పెంపకమునకు పేరుపొందినది. 1970 దశాబ్దపు చివరి సంవత్సరములలో అక్కడ పిల్ల ఆయిస్టరులు కనిపించటము మానినవి. పెద్దవాటి చిప్పలు వికారముగా దళసరెక్కి, పొరల మధ్య బంకవంటి పదార్థము నిండినది. కారణము వెదుకగా, పడవల అడుగుకు నాచు పట్టకుండ పూసే రంగులోని ట్రైబ్యుటైల్ టిన్ అనే తగరపు సమ్మేళనము బయటపడినది. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలకు ఆ రంగును నిషేధించగా, కొద్ది సంవత్సరములలోనే ఆయిస్టరు పిల్లలు తిరిగి కనిపించినవి. ఆ సమ్మేళనమే సముద్రపు నత్తలలో ఇంకొక వింత చేసింది. లీటరుకు ఒకటి రెండు నానోగ్రాములే ఉన్నను ఆడ నత్తలకు మగ అవయవములు మొలిచినవి. మోతాదు హెచ్చిన చోట అండములు వెలువడే దారి మూసుకొనిపోయి, నత్త గొడ్డువోయినది. ఆ సమ్మేళనము హార్మోనువలె నటించి, కణములోని ఒక గ్రాహకమునకు అతుకుకొంటుందని 2004లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. ప్రపంచ నౌకలన్నిటికి వర్తించే నిషేధ ఒప్పందము 2001లో కుదిరి, 2008లో అమలులోనికి వచ్చింది. ఇది తగరపు సేంద్రియ సమ్మేళనము చేసిన పని. మామూలు తగరమునకు ఈ శక్తి లేదు. లోహము పేరొక్కటే చాలదు, అది ఏ రూపములో ఉన్నదో కూడ చూడవలెను.

ఆల్చిప్పలు దీర్ఘాయువులు. ఐరోపా నదులలోని ముత్యపు ఆల్చిప్ప నూరేండ్లకు మించి జీవిస్తుంది. అక్కడి అనేక నదులలో ముసలి ఆల్చిప్పలు వేలకొలది ఉన్నను, పిల్లలు లేక దశాబ్దములు గడచినవి. అక్కడ కారణము ముఖ్యముగా పూడిక, ఎరువుల మాలిన్యము. కారణము వేరయినా కనిపించే లక్షణము ఒకటే: తాతలే తప్ప మనుమలు లేని ఊరు. మన ఆల్చిప్ప అంత దీర్ఘాయువు కాకున్నను, పెద్దవి కొన్నేండ్లు నిలిచి ఉండుటచేత చెరువు బాగున్నదనే భ్రమ కలిగిస్తవి.

ఈ లక్షణమును ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ కనిపెట్టవచ్చును. ఉపాధ్యాయుని వెంట, నీటిలోనికి దిగకుండ, చెరువు అంచున పడి ఉన్న ఖాళీ చిప్పలను చేతి తొడుగులతో ఏరి, కడిగి, కొన నుండి కొనకు పొడవు కొలవవలె. ఒక సెంటీమీటరు తేడాతో తరగతులుగా విడదీసి, ఒక్కొక్క తరగతిలో ఎన్ని ఉన్నవో గళ్ళ కాగితము మీద నిలువు పట్టీలుగా గీయవలె. పిల్లలు పుడుతున్న చెరువులో చిన్న పొడవుల వద్ద కూడ పట్టీలు లేస్తవి. పుట్టని చెరువులో ఏడెనిమిది సెంటీమీటర్ల వద్దనే గుంపుకడతవి. చిన్న చిప్పలు పెళుసు, త్వరగా పగిలి కరుగుతవి కనుక, ఒడ్డు మట్టిని సన్నని జల్లెడలో కడిగి చూడకుండ అవి లేవని వ్రాయరాదు. నగరము వెలుపలి చెరువు ఒకదానిలో ఇదే లెక్క తీస్తే పోల్చుటకు వీలుంటుంది. నత్తలయితే వానకాలములో గట్టు తడిలో పెట్టిన గ్రుడ్ల గుంపులను వెదుకవలె. గట్టు పొడుగునా సిమెంటు గోడ కట్టిన చెరువులో గ్రుడ్లు కనిపించకపోతే లోహమును నిందించి ప్రయోజనము లేదు. నత్తకు గ్రుడ్లు పెట్టే చోటే లేకుండ చేసినారు.

లెక్కలో పిల్లలు లేవని తేలినా, కారణము లోహమేనని అంతటితో నిర్ణయించరాదు. ప్రాణవాయువు తగ్గుట, మురుగులోని అమ్మోనియా, తగిన చేపజాతి మాయమగుట, పూడికతీత, వీటిలో ఏదయినా అదే ఫలితమునిస్తుంది. అమ్మోనియాకు గ్లోకిడియములు, పిల్ల ఆల్చిప్పలు రాగికివలెనే సున్నితములు. మురుగు కలిసే చెరువులో ఈ రెండును చేయి చేయి కలిపి వస్తవి. లోహపు పాత్ర ఎంతో తేల్చుటకు ఆల్చిప్ప మాంసమును, మట్టిని రసాయనశాలలో పరీక్షించవలె. అట్టి చెరువులలోని నత్తలను, ఆల్చిప్పలను తినరాదని వేరే చెప్పనక్కరలేదు. 1956లో జపానులోని మినమాటాలో బయటపడిన పాదరసపు వ్యాధి అఖాతములోని చేపలు, గుల్లలు తిన్నవారికే వచ్చింది.

పరీక్షకు పంపేది నీరొక్కటే అయితే ఫలితము మోసగించవచ్చును. కార్ఖానా నీరు కలిసేది ఎప్పుడో కొన్ని గంటలు. మరునాడు పట్టిన సీసాలో నీరు తేటగానే ఉంటుంది. లోహము అప్పటికే రేణువులకు అంటుకొని అడుగుకు దిగి ఉంటుంది. ప్రాణవాయువు లేని బురదలో అది గంధకముతో బంధింపబడి కదలక ఉండి, వేసవిలో చెరువు ఎండి బురదకు గాలి తగిలినపుడో, వరద దానిని కలచినపుడో తిరిగి విడుదలవుతుంది. చేపనుంచి రాలిన పిల్ల ఆల్చిప్ప తొలినాళ్ళు గడిపేది నీటిలో కాదు, ఈ బురద లోపలనే. అందుచేత నల్ల చెరువు వంటి చోట నమూనాలు పట్టేవారు నీటి సీసాతోపాటు, నాలా వచ్చి కలిసే చోటనుంచి ఒకటి, అలుగు దగ్గరనుంచి ఒకటి, రెండు మట్టి సీసాలు కూడ నింపి, తేదీ వేసి, ఆ రోజునకు ముందు చివరి వాన ఎప్పుడు కురిసిందో చీటీ మీద వ్రాయవలె.